కిందదారి: దిద్దిన మాట

పోయినవారం కథలో మా మరదల్ని నిండు శాసనసభలో నిలబెట్టి, ప్రతిపక్షంవాళ్ళు బల్లలు బాదుతుండగా వదిలేసి నా దారిన నేను పోయానని చాలామందికి నా మీద కోపంగా ఉందట. ఉంటుంది మరి. కానీ ఆ రోజు నేను మాత్రం ఏం చెయ్యగలను? సందర్శకుల గ్యాలరీలో ఉన్నవాళ్ళు కిక్కురుమనకూడదని గోడమీద పెద్దపెద్ద అక్షరాలతో రాసిపెట్టారు. ఆ రాత లేకపోతే పైనుంచే అందరినీ కలిపి దులిపేసి ఉండేదాన్ని.

కొత్తగా చదివేవాళ్ళ కోసం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. మా ఊరి ఆసుపత్రి పెద్దరోడ్డుకి అవతల ఉంది. ఊరంతా ఇవతల ఉంది. మధ్యలో పొద్దస్తమానం లారీలు. జ్వరం వచ్చిన మనిషి ముందు లారీని తప్పించుకుని బతికితే, ఆ తర్వాత డాక్టరు బతికిస్తాడు. మా తమ్ముడు ఆ ఆసుపత్రిలోనే ఎక్స్‌రేలు తీస్తాడు. వాడు రోజూ ఆ రోడ్డు దాటి వెళ్ళి, ఆ రోడ్డే దాటబోయి కాళ్ళు విరగ్గొట్టుకున్నవాళ్ళకి ఎక్స్‌రేలు తీసి, మళ్ళీ అదే రోడ్డు దాటి ఇంటికి వస్తాడు. వాడు గుమ్మంలో చెప్పులు విడిచేదాకా నాకు ఒక కన్ను వీధిలోనే ఉంటుంది. వాడి భార్యే మా మరదలు. రోడ్డు కిందనుంచి నడిచి వెళ్ళడానికి ఒక దారి తవ్వండి మహాప్రభో అని ఊరు ఊరంతా ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటోంది. కాగితాల మీద దానికి పెద్ద పేరే ఉంది గానీ, మేమంతా కిందదారి అంటాం. బస్సు కండక్టరుగా పనిచేసుకుంటున్న మా మరదల్ని ఓట్లేసి సభకి పంపింది ఆ కిందదారి కోసమే. సభ్యురాలైనా ఊళ్ళో ఆమె ఇప్పటికీ కండక్టరమ్మే.

సభలో ఆమె నోరు విప్పడం అదే మొదలేం కాదు. మొదటిసారి వీధిదీపాల గురించి లేచింది. ఎవరో అడ్డుపడి గొడవ చేస్తుంటే అలవాటు కొద్దీ, కాస్త ముందుకు జరగండి, వెనక చాలామంది నిలబడి ఉన్నారు అనేసింది. సభంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్యే మంత్రిగారు సరే అనేశారు, మా వీధుల్లో దీపాలు వెలిగాయి. ఇంకోసారి బస్టాండ్లో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం ఎందుకుంటుందని, ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో తమకి తెలుసా అని మంత్రిగారిని అడిగింది. ఆయనకి తెలియదు. మర్నాడు తాళం ఊడింది.

ఇప్పుడు వచ్చిన చర్చ మాత్రం పెద్దది. ఊళ్ళ అభివృద్ధిలో నాయకుల బాధ్యత ఏమిటి అని ఒక తీర్మానం పెట్టి, రెండు రోజులు మాట్లాడుకోవాలని నిర్ణయించారు. మధ్యలో ఒక రోజు సెలవు. మొదటిరోజు ఒకాయన లేచి నాయకుడంటే ముందు నడిచేవాడన్నాడు. ఇంకొకాయన దారి చూపేవాడన్నాడు. మా మరదలు లేచి, చూపించడానికి ముందసలు దారి ఉండాలి కదా అధ్యక్షా అని మొదలుపెట్టి, ఆసుపత్రి సంగతంతా చెప్పింది. బాగానే చెప్పింది. చివర్లో ప్రతిపక్షం బెంచీల నుంచి ఎవరో, ఇంతకీ ఆసుపత్రిని అక్కడ కట్టడం ఎవరి తప్పు అని అరిచారు. పునాది వేసింది ఇప్పటి ప్రతిపక్షం, అప్పుడు వాళ్ళది ప్రభుత్వం. పూర్తిచేసి రిబ్బను కత్తిరించింది ఇప్పటి ప్రభుత్వం, అంటే మా మరదలి పార్టీ. 'మీదే' అంటుందని మా వాళ్ళంతా బల్లలు చరచడానికి చేతులెత్తి సిద్ధంగా ఉన్నారు. ఆమె ఏమందంటే:

"ఆసుపత్రిని అక్కడ కట్టి మనం తప్పు చేశాం అధ్యక్షా."

అంతే, కొంప మునిగింది. అవతలివాళ్ళు బల్లలు బాదారు. ఇవతలివాళ్ళు నోళ్ళు తెరుచుకుని ఆమెనే చూశారు. సాయంత్రానికి టీవీలో కింద పాకే అక్షరాల్లో మనం కాస్తా మేము అయిపోయింది. 'మేము తప్పు చేశాం: అధికారపక్ష సభ్యురాలు' అని. పొద్దున్నే పేపర్లదీ అదే పాట. మాటలు నేర్చిన ప్రతి పిల్లాడికీ ఆ రెండింటికీ తేడా తెలుసు. మనం భోంచేద్దాం అంటే చేతులు కడుక్కుంటాం, మేము భోంచేస్తాం అంటే చెప్పులేసుకుని మన ఇంటికి మనం పోతాం. అంత తేడా ఉన్నా ఒక్క చెవికీ ఎక్కలేదు. తప్పు అనే మాట పక్కన మనం అనే మాట వస్తుందని ఎవరూ అనుకోలేదు కాబోలు.

సెలవురోజు పొద్దున, సభ ఉన్నన్నాళ్ళూ ఆమెకి తోడుగా నేనుండే సభ్యుల వసతిగృహంలో, మా వాటాకి రెండు వచ్చాయి. మొదట కాగితాలు వచ్చాయి, వాటి వెనకాలే మాస్టారు వచ్చారు.

కాగితాల సంగతి ముందు చెబుతాను. సభలో ఎవరేం మాట్లాడినా కూర్చుని రాసుకునేవాళ్ళు కొందరుంటారు. రాసింది టైపు చేసి మాట్లాడిన మనిషికే పంపిస్తారు. నోరు జారిన చోట, వాళ్ళు సరిగ్గా వినని చోట దిద్ది, సంతకం పెట్టి సాయంత్రంలోగా తిప్పి పంపాలి. ఆ తర్వాత అది సభ రికార్డులోకి వెళ్ళిపోతుంది, ఏ సభ్యుడైనా తెప్పించుకుని చూడొచ్చు. ఒకసారి వెళ్ళాక మార్చడం ఎవడబ్బ తరమూ కాదు.

ఇక మాస్టారు. ఆయన మా మరదలి పార్టీకి విప్. అంటే ఏ విషయం మీద ఓటు ఎటు వెయ్యాలో చెప్పి, అందరినీ ఒక్క తాటి మీద ఉంచడం ఆయన పని. రాజకీయాల్లోకి రాకముందు బళ్ళో వ్యాకరణం చెప్పేవారు. ఇప్పటికీ ఎవరైనా సభలో వాక్యం ఒక చోట మొదలుపెట్టి ఇంకో చోట ముగిస్తే ఆయన మొహం కందగడ్డలా అవుతుంది. మా మరదల్ని పార్టీలోకి పిలిచిందీ, నిలబెట్టిందీ ఆయనే. నాకు ఆయనంటే గౌరవమే గానీ, ఆ రోజు టీ తాగిన తీరు మాత్రం నచ్చలేదు. ఒక గుటక వేసి కప్పులోకి చూస్తారు, ఇంకో గుటక వేసి కిటికీలోంచి చూస్తారు. మంచి కబురు తెచ్చిన మనిషి అలా తాగడు.

నా మోకాళ్ళ నొప్పుల గురించి అడిగారు. మా తమ్ముడి ఆరోగ్యం అడిగారు. మా వంటగది కుళాయి కారుతోంటే ఎవరికి చెప్పాలో కూడా చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయి, వచ్చిన పని చెప్పండి మాస్టారూ, కుళాయి ఎక్కడికీ పోదు అన్నాను.

అప్పుడు జేబులోంచి కలం తీసి బల్లమీద పెట్టారు. "ఒక్క మాట తల్లీ. 'మనం' కొట్టేసి 'వారు' అని రాయి. నోరు జారింది, దిద్దుకున్నాం. ఎవరూ అడగరు."

మా మరదలు కాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టింది. ఆమె అలా మొహం పెట్టినప్పుడల్లా నేను జాగ్రత్త పడతాను.

"రెండు మాటలు మాస్టారూ," అంది. "'చేశాం' కూడా మార్చి 'చేశారు' అనాలిగా."

మాస్టారికి నవ్వొచ్చింది. తన పాఠం తనకే అప్పజెప్పితే ఏ మాస్టారికైనా వస్తుంది. నవ్వాపుకుని కలాన్ని ఇంకొంచెం ఆమె వైపుకి జరిపారు.

ఆమె కాగితాలు తిప్పి ఆ చోటు వెతికింది. చూసి కాగితాన్ని ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని చదివారు. నేనూ మెడ చాచి చూశాను. 'ఆసుపత్రిని అక్కడ కట్టి మేము తప్పు చేశాము అధ్యక్షా' అని శుభ్రంగా టైపు కొట్టి ఉంది. పేపర్లవాళ్ళే కాదు, వినడానికే జీతం తీసుకునేవాళ్ళు కూడా అలాగే విన్నారు.

మాస్టారు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. ఇది రికార్డులోకి వెళ్తే పార్టీ తన తప్పు తానే రాసిచ్చినట్టని, 'మనం' అనే మాటైనా నయం, అందులో అవతలివాళ్ళు కూడా ఉంటారని అన్నారు. ఆ మాట అనడంతోనే ఆయనకి ఏదో తట్టినట్టుంది. మనం అంటే వాళ్ళని కూడా తప్పులో కలిపినట్టే కదా, అలా చెప్పి పార్టీ అధినేతని ఒప్పించవచ్చేమో అని పైకే ఆలోచించడం మొదలుపెట్టారు. రాజకీయం తెలిసిన మనిషి, ఊరికే పోనిస్తారా.

మా మరదలు ఒప్పుకోలేదు. తాను వాళ్ళని ఇరికించడానికి ఆ మాట అనలేదని, అందులో తాను కూడా ఉన్నానని చెప్పింది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే గానీ మాస్టారికి తెలియదు. ఆసుపత్రికి మొదట చూసిన చోటు బస్టాండు వెనక ఖాళీస్థలం. మా బస్సులు ఎక్కడ పెట్టుకోవాలి అని బస్సుల వాళ్ళంతా జెండాలు పట్టుకుని రోడ్డెక్కారు, అందులో ముందు వరసలో గొంతు చించుకుంది ఈవిడే. రెండో చోటు బజారు దగ్గర. బేరాలు పోతాయని వ్యాపారులు దుకాణాలు మూసుకుని కూర్చున్నారు. రోడ్డవతల రాళ్ళగుట్ట పక్కన కడతామంటే మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. సంబరపడ్డాం కూడా.

"బస్సు మధ్యలో ఆగిపోయిందనుకోండి మాస్టారూ," అంది మా మరదలు. "'మేము చూసుకుంటాం' అంటే జనం కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. 'వాళ్ళు పాడుచేశారు' అంటే నేనూ డ్రైవరూ మెకానిక్కూ అక్కడే కొట్టుకుంటాం. 'మనం కాస్త తొయ్యాలండీ' అంటే, తిట్టుకుంటూనైనా దిగుతారు. నేను సభలో అన్నది అంతే. దిగి తొయ్యమన్నాను."

మాస్టారి ముందు టీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టనా అని అడిగితే వద్దన్నారు. ఆ తర్వాత అసలు సంగతి బయటపెట్టారు. ఈ ఏడాది చెయ్యబోయే పనుల జాబితా ఆ మధ్యాహ్నమే ఆర్థికమంత్రి దగ్గరికి వెళ్తోంది. అందులో అట్టడుగున మా కిందదారి ఉంది. ఉందన్న మాట వినగానే నా గుండె ఒక్కసారి ఎగిరింది, దాచుకోవడమెందుకు.

"ఇది నా మాట కాదు, అధినేత మాట," అన్నారు మాస్టారు నేలచూపులు చూస్తూ. "'వారు' అని ఉంటే దారి ఉంటుంది. లేకపోతే ఉండదు."

మా మరదలు నా వైపు చూసింది. నేనేమన్నానో దాపరికం లేకుండా చెబుతున్నాను. మార్చెయ్యమన్నాను. మాటదేముంది, గాలికి పుట్టి గాలికి పోతుంది, దారి అలా కాదు, రోజూ రోడ్డు దాటేది నా తమ్ముడు, నీ మొగుడు అని కూడా అన్నాను. నాకు భయం వేసి అన్నాను. ఇప్పుడు తల్చుకున్నా ఆ భయం తప్పని నాకు అనిపించదు.

ఆమె ఫోను తీసి మా తమ్ముడికి చేసింది. అందరికీ వినపడేలా బల్లమీద పెట్టింది. వాడు పనిలో ఉన్నాడు. ఊపిరి పీల్చి బిగబట్టండి అన్నాడు ఎవరితోనో. మా మరదలు కూడా బిగబట్టింది. వదలండి అన్నాక వదిలి, సంగతంతా చెప్పింది. వాడు విని, కిందదారి రాకపోతే పైదారినే పోతాలే అన్నాడు. వాడి నోరు పడ, అప్పుడు చెయ్యాల్సిన హాస్యమా అది. నేను అరవబోతుంటే వాడే గొంతు మార్చి అసలు మాట చెప్పాడు.

"నాలుకకి ఎముక ఉండదని నాకంటే ఎవరికి బాగా తెలుసు? రోజూ చూస్తూనే ఉంటాగా. ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. నువ్వు మాత్రం తిప్పకు. నేను చూసుకుని దాటతాను."

ఇంకెవరో వచ్చినట్టున్నారు, ఫోను పెట్టేశాడు.

మా మరదలు మాస్టారి కలమే తీసుకుంది. 'మేము' మీద అడ్డంగా ఒక గీత గీసి, పైన 'మనం' అని రాసింది. కింద సంతకం పెట్టింది. 'చేశాము'ని ముట్టుకోలేదు, రెంటికీ అదే సరిపోతుంది కదా. మీరన్నట్టే ఒక్క మాటే దిద్దాను మాస్టారూ అంటూ కలం తిరిగి ఇచ్చింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకోవడం మరిచిపోయి చేత్తోనే పట్టుకుని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం ఆయన దగ్గర్నుంచే కబురు వచ్చింది. జాబితా వెళ్ళింది, మా కిందదారి లేకుండా వెళ్ళింది.

ఆ పూట నేను గిన్నెలు తోమిన చప్పుడు కింద వాటాలోవాళ్ళకి కూడా వినపడి ఉంటుంది. మా మరదలు మంచంమీద గోడ వైపుకి తిరిగి పడుకుంది. ఏడుస్తోందని తెలుసు. కాసేపు బిగుసుకుని ఉన్నాను గానీ, మనసొప్పక వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఊళ్ళోవాళ్ళకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి వదినా, వాళ్ళు నన్ను మాటల కోసం పంపారా దారి కోసం పంపారా అని అడిగింది. నాకేం తెలుసు? నేను మంత్రినా, మహర్షినా? నువ్వు మాట మార్చనందుకు కోపంగా ఉంది, మార్చి ఉంటే ఇంకా ఎక్కువ కోపం వచ్చేది అని నిజమే చెప్పాను. ఏడుస్తూనే నవ్వింది. లేచి మొహం కడుక్కుని, ఆ కుళాయికి ఒక గుడ్డపీలిక చుట్టింది. కారడం ఆగలేదు గానీ చప్పుడు తగ్గింది.

మర్నాడు చర్చ రెండోరోజు. నేను గ్యాలరీలో ముందే వెళ్ళి కటకటాల పక్కన చోటు పట్టాను. కింద మా మరదలి చుట్టుపక్కల ఉన్న సభ్యులు ఆమెకి అంటువ్యాధి సోకినట్టు అటు తిరిగి కూర్చున్నారు. ఆమె మాత్రం రోజూలాగే అందరికీ నమస్కారం పెట్టి తన చోట కూర్చుంది. ఆ నమస్కారాలకి ఇద్దరో ముగ్గురో తలూపారు.

ప్రతిపక్ష నాయకుడు లేచాడు. చాలా పెద్దవాడు. చెవికి వినికిడి మిషను ఉంటుంది, దాన్ని తనకి కావలసినప్పుడు పెంచుకుంటాడనీ వద్దనుకుంటే తగ్గించుకుంటాడనీ అందరూ చెప్పుకుంటారు. నోరు విప్పాడంటే తాట తీస్తాడు. ఈ రోజు మా మరదలి పని అయిపోయిందనే అనుకున్నాను. ఆయన చేతిలో ఆ కాగితమే ఉంది, మా మరదలు దిద్ది పంపింది.

పేపర్లలో చూసినప్పుడు తాను చాలా సంతోషించానని ఆయన మొదలుపెట్టాడు. 'మేము' అన్న ఒక్క మాట మీద ఎంతసేపు మాట్లాడాలో, ఎక్కడ గొంతు పెంచాలో ఇంట్లో అద్దం ముందు చూసుకున్నానని కూడా చెప్పాడు. రెండు వైపులా నవ్వారు. ఆ తర్వాత దిద్దిన ప్రతి చూశానన్నాడు. నవ్వులు ఆగిపోయాయి.

"మనం అంది ఈ అమ్మాయి. నన్ను కూడా కలిపింది. నాకు కోపం రావాలి అధ్యక్షా. కానీ ఆ స్థలం ఖాయం చేస్తూ సంతకం పెట్టింది నేనే కదా." మంచినీళ్ళు తాగాడు. "ఎవరూ గొడవ చెయ్యని చోటు చూడండి అని మా అధికార్లకి చెప్పాను. చూశారు పాపం. మనుషులు లేని చోట గొడవేం ఉంటుంది? ఆసుపత్రిని తీసుకెళ్ళి మనుషులు లేని చోట పెట్టాం. మేము పునాది వేశాం, మీరు పైకప్పు వేశారు. రోడ్డు వంక ఎవరమూ చూడలేదు. ఈ అమ్మాయి చెప్పింది నిజం. మనం తప్పు చేశాం."

నేను సభలు చాలా చూశాను. తిట్టుకోవడం చూశాను, కాగితాలు చింపుకోవడం చూశాను. అంత పెద్దమనిషి లేచి నా తప్పు అనడం మాత్రం చూడలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కన కూర్చున్న పరాయి ఆవిడ తన రుమాలు ఇస్తే తీసుకున్నాను. కింద మా మరదలు రెండు చేతులూ బల్లమీద పెట్టుకుని ఆయన్నే చూస్తోంది.

పెద్దాయన అక్కడితో ఆగలేదు. తీర్మానానికి ఒక సవరణ పెడుతున్నానన్నాడు. ఆ రోడ్డు కింద దారి పని ఈ ఏడాదే మొదలుపెట్టాలి అని ఒక వాక్యం చేర్చమన్నాడు. అధ్యక్షులు దాన్ని రెండుసార్లు చదివి వినిపించి, కాసేపట్లో ఓటుకి పెడతామన్నారు.

జాబితాలోంచి తీసేసిన దారి మళ్ళీ బతికొచ్చింది. నేను సంబరపడేలోపే మా వైపు ముందు వరసలో గుసగుసలు మొదలయ్యాయి. దారి మంచిదే, కానీ అడిగింది అవతలివాళ్ళు. అవతలివాళ్ళు అడిగింది ఇస్తే పరువు ఎవరిది పోతుంది? అధినేత వెనక్కి తిరిగి మాస్టారితో ఏదో అన్నారు. మాస్టారు తల వంచి విన్నారు. తర్వాత చీటీల కట్ట ఒకటి తీసుకుని బెంచీ బెంచీకీ తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు. పైనుంచి నాకు అక్షరాలు కనపడవు గానీ, కనపడాల్సిన పనేముంది. సవరణకి వ్యతిరేకంగా ఓటెయ్యమని.

విప్ చీటీ అందాక దాన్ని కాదంటే సభ్యత్వం ఊడిపోవచ్చు. మా మరదలు కాదంటే రేపు సభలో ఆమె ఉండకపోవచ్చు, మా ఊరి తరఫున అడిగే నోరు ఉండదు. అవునంటే, దేనికోసం వచ్చిందో ఆ దారికే అడ్డంగా ఓటేసినట్టు. మాస్టారు ఆమె బెంచీ దగ్గరికి వచ్చి చీటీ ఆమె ముందు పెట్టారు. అందరి దగ్గరా పెట్టి వెళ్ళినట్టు వెళ్ళిపోలేదు.

ఇంతలో అధ్యక్షులు గంట కొట్టారు. "సవరణకు అనుకూలంగా ఉన్నవారు లేచి నిలబడండి. సిబ్బంది వచ్చి లెక్కపెడతారు."

అవతలి బెంచీలన్నీ ఒక్కసారి లేచాయి. ఇవతల ఒక్కరూ కదల్లేదు. లేవకు అని ఒకసారి, లే అని ఒకసారి మనసులోనే అరిచాను. రెండిటికీ నా గొంతు నొప్పెట్టింది. మా మరదలు చీటీని మడిచి పక్కన పెట్టింది. కొంగు సర్దుకుంది. లేచి నిలబడింది. ఎవరి వైపూ చూడలేదు, వెనకాముందూ ఆడలేదు. మనం దిగే చోటు వచ్చినప్పుడు ఎలా లేస్తామో అలా లేచింది.

మా వైపు అన్ని బెంచీల మధ్యా ఆమె ఒక్కతే. పడిపోతుందేమోనని పైన నేను కటకటాలు పట్టుకున్నాను, కింద ఆమె దేన్నీ పట్టుకోలేదు.

లెక్కపెట్టే ఉద్యోగి వేలు చూపించుకుంటూ ఒక్కో వరసా దాటుకుంటూ వచ్చాడు. ఆమెని లెక్కపెట్టాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. నడవలో మాస్టారు నిలబడి ఉన్నారు. చీటీలు పంచుతూ పంచుతూ ఆయన తన చోటికి తిరిగి వెళ్ళనేలేదు. ఆ వేళప్పుడు సభలో నిలబడ్డ సభ్యుడు ఎవరైనా సరే సవరణకి అనుకూలమనే లెక్క, అది నియమం. ఉద్యోగికి ఏం చెయ్యాలో తోచలేదు. సభంతా నిశ్శబ్దంగా ఉంది కాబట్టి అతను మెల్లగా అడిగిన మాట నాకు పైదాకా వినపడింది.

"మాస్టారూ, తమరు కూర్చుంటారా, తమర్ని కూడా లెక్కలో వేసుకోమంటారా?"

ముందు వరసలోంచి అధినేత వెనక్కి తిరిగి చూశారు. మాస్టారు చేతిలో మిగిలిన చీటీల వంక చూసుకున్నారు. పక్కనే ఖాళీగా ఉన్న కుర్చీ వంక చూశారు. ఆయన మొహం నాకు ఎదురుగా ఉంది, బాగా కనపడుతోంది. కూర్చునే ఉద్దేశం ఉన్న మనిషిలా మాత్రం లేరు.